పచ్చదనంలో మన చోటు: తోటలు, పార్కులు, దళితుల తీరిక

ప్రకృతి అంటే సేదదీరే చోటు అని స్కూలు వాచకాల్లో చదువుకున్నాం. పట్నంలో పనిచేసి అలసిన మనిషి ఆదివారం పార్కుకు పోతాడు, చెట్ల కింద నడుస్తాడు, పచ్చిక మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటాడు, మనసు తేలికపడి ఇంటికొస్తాడు. టూరిజం కరపత్రాలు చెప్పేదీ ఇదే. కృష్ణా డెల్టాలో, కంకిపాడు చుట్టుపక్కల మాలపల్లెల్లో, మాదిగగూడేల్లో పుట్టిపెరిగినవాళ్ళకు ఈ మాట సగమే అర్థమవుతుంది. ఇక్కడ పచ్చదనానికి కొరతేం లేదు. బందరు రోడ్డు దిగితే వరి పొలాలు, కాలవలు, గట్ల మీద కొబ్బరిచెట్లు. కానీ ఆ పచ్చదనంలోకి మనవాళ్ళు దిగేది ఊడ్పులకు, కలుపుకు, కోతకు, కోత అయ్యాక మినుము తీయడానికి. పొద్దున్నుంచి నడుం వంచి పనిచేసిన ఆడమనిషికి ఆ పొలం 'ప్రకృతి ఒడి' ఎట్లా అవుతుంది? అది ఆమెకు పనిచోటు. అదీ వేరేవాళ్ళ పొలం.

అయితే దీన్నిబట్టి 'పార్కులూ తోటలూ మనకెందుకు, అవి బాబుల సరదా' అనుకోవడం సరికాదని మా అభిప్రాయం. కూలిరేటు, భూమి, చదువు, రిజర్వేషన్ల గురించి మాట్లాడాల్సిన చోట పార్కు గొడవ ఏమిటని కార్యకర్త మిత్రులు అడగొచ్చు. పని లేకుండా, ఎవరి అనుమతీ లేకుండా, నలుగురూ తిరిగే చోట ఊరికే కూర్చోవడం కులవ్యవస్థ మనకు ఎన్నడూ ఇవ్వని వాటిలో ఒకటి. అందుకు తగిన హక్కు రాజ్యాంగంలో ఉంది. అది ఎక్కడుంది, ఎక్కడ ఆగిపోతోంది, నిలబెట్టుకోవాలంటే ఏం చేయాలి అన్నది ఈ వ్యాసంలో వివరిస్తాం.

తోట అంటే ఒకరి తోట

మన ఊళ్ళలో తోట అనగానే వచ్చే మొదటి ప్రశ్న 'ఎవరి తోట?' అని. మామిడితోట, జామతోట, కొబ్బరితోట ఏదైనా దానికో ఆసామి ఉంటాడు, కంచె ఉంటుంది, కాపలా మనిషి ఉంటాడు. ఆ కాపలా మనిషి తరచూ మనవాడే. రాలిన కాయ ఏరుకున్న పిల్లాణ్ణి తరమాల్సిందీ అతనే. కావ్యాల్లో ఉద్యానవనం రాజుగారిది. అందరి తోట అనే భావన మనకు బయటి మాటలతో వచ్చింది. కోస్తాలో 'పార్కు' అన్నారు. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌కు ఉర్దూలో 'బాగె ఆమ్' అని పేరు. ఆమ్ అంటే సామాన్య జనం. అందరి తోటకు మన వాడుకలో సొంత మాట పుట్టలేదంటే అది భాష లోపం కాదు, ఊరి నిర్మాణం అట్లాంటిది.

తెలుగువాళ్ళకు తోటల్లోకి పోయే ఆచారం లేకపోలేదు. కార్తీకమాసంలో వనభోజనాలున్నాయి. ఉసిరిచెట్టు కింద వండుకుని నలుగురూ కలిసి తినడం. వినడానికి బాగానే ఉంటుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇవి ఇప్పుడు ఎట్లా జరుగుతున్నాయో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కార్తీకం ఆదివారాల్లో ఏ కులానికాకులం వనసమారాధన పెట్టుకుంటోంది. కులం పేరుతో ఫ్లెక్సీలు, కులపెద్దలకు సన్మానాలు, వేదిక మీద ఆ కులం నాయకులు. సహపంక్తి భోజనం కులనిర్మూలనకు ఒక దారి అని సంస్కర్తలు చెప్పారు. ఇక్కడ అదే పంక్తి కులాన్ని గట్టిచేసే పనికొచ్చింది. చెట్ల మధ్యకు పోయినంత మాత్రాన మనిషి కులాన్ని ఇంటిదగ్గర వదిలిపెట్టడు, క్యారేజీలో సర్దుకుని మరీ పోతాడు. అందువల్ల తోట ఉంటే చాలదు. అది ఎవరిదీ కాని, అందరిదీ అయిన తోట కావాలి. అది చట్టంతో, ప్రజల డబ్బుతో నిలబడేది.

రాజ్యాంగం ఏం చెప్పింది

1927 మార్చి 20న మహద్‌లో అంబేద్కర్ వెంట నడిచిన జనం చవదార్ చెరువు నీళ్ళు తాగారు. ఆ చెరువు అప్పటికే కాగితం మీద అందరిదీ. బహిరంగ నీటివనరులు, ధర్మశాలలు, బడులు అంటరానివాళ్ళకు తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానించింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా మనవాళ్ళు ఆ చెరువు దగ్గరికి పోలేకపోయారు. కాగితం మీద హక్కు వేరు, కాలు మోపడం వేరు అని మహద్ నేర్పింది.

రాజ్యాంగం 15(2) అధికరణం వెనుక ఈ చరిత్ర ఉంది. అందులో మొదటి భాగం దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాల గురించి. రెండో భాగం బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కూడే స్థలాల గురించి. ప్రభుత్వ డబ్బుతో పూర్తిగానో కొంతగానో నడిచేవి, లేదా ప్రజల వాడకానికి అంకితమైనవి అయితే, వాటి దగ్గర మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు చూసి ఎవరినీ ఆపకూడదు. మునిసిపల్ పార్కు ఈ 'ప్రజలు కూడే స్థలం' కిందికి వస్తుంది.

ఈ అధికరణం ముసాయిదాలో 9వది. 1948 నవంబరు 29న రాజ్యాంగసభలో దానిమీద చర్చ జరిగింది. కె.టి. షా పెట్టిన సవరణలో బడులు, ఆసుపత్రులు, సినిమాహాళ్ళతోపాటు పార్కులు, తోటలు, మ్యూజియంలు కూడా పేరుపేరునా ఉన్నాయి. ఆ సవరణ నెగ్గలేదు. మద్రాసు రాష్ట్రం నుంచి సభలో ఉన్న తెలుగు దళిత సభ్యుడు ఎస్. నాగప్ప మాత్రం మాటల అర్థం తేల్చమన్నారు. ప్రజలు కూడే స్థలం అంటే శ్మశానం కూడా వస్తుందా అని అడిగారు. చచ్చాక కూడా చోటు కోసం వెతుక్కునే పల్లె తరఫున అడిగిన ప్రశ్న అది. వస్తుందనే అంబేద్కర్ జవాబిచ్చారు. అయితే ప్రజాధనంతో నడిచే శ్మశానమైతేనే అన్నారు. మునిసిపాలిటీయో పంచాయతీయో నడిపే శ్మశానమే లేనిచోట ఎవరికీ హక్కుండదు, అడగడానికి అక్కడ బహిరంగ స్థలమే లేదు గనక, అని వివరించారు.

ఈ జవాబును మనవాళ్ళు శ్రద్ధగా చదవాలి. బహిరంగ స్థలం ఉంటేనే దానిమీద హక్కు. పార్కు స్థలం అమ్మేసినా, కట్టడాలకు ఇచ్చేసినా, ఎవరూ 15(2)ను రద్దు చేయనక్కర్లేదు. హక్కు అట్లాగే ఉంటుంది, అది నిలబడే నేల మాత్రం పోతుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలో నల్లవాళ్ళకు ఇట్లాగే జరిగింది. జార్జియా రాష్ట్రం మేకన్ పట్టణంలో బేకన్ అనే సెనేటర్ 1911 నాటి వీలునామాలో పార్కు కోసం భూమి రాసిచ్చాడు, తెల్లవాళ్ళకు మాత్రమేనని షరతు పెట్టాడు. 1966లో అక్కడి సుప్రీంకోర్టు ఆ పార్కులో రంగుభేదం చెల్లదంది. 1970లో అదే కోర్టు, షరతు పోయింది కాబట్టి భూమి వారసులకు పోతుందన్న కింది తీర్పును ఖాయం చేసింది. గేటు తెరుచుకున్న నాలుగేళ్ళకు పార్కే పోయింది.

అడ్డగించినవాళ్ళకు శిక్షల సంగతి కూడా కార్యకర్తలకు తెలిసి ఉండాలి. 1955 అస్పృశ్యతా నేరాల చట్టాన్ని 1976లో సవరించి పౌరహక్కుల రక్షణ చట్టం అన్నారు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో ప్రజలు కూడే స్థలానికి పోకుండా దళితుల్ని, ఆదివాసుల్ని ఆపడం నేరం. 2015 సవరణ తర్వాత ఇది సెక్షన్ 3(1)(వై)లో ఉంది. 3(1)(జడ్‌ఎ) వినోద స్థలాలనూ ఇతర బహిరంగ స్థలాలనూ ఇంకా వివరంగా చెబుతుంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా.

మూడు గేట్లు

చట్టం ఉన్నాక పార్కు గేటుకు 'దళితులు రావద్దు' అని ఎవరూ బోర్డు కట్టరు. అడ్డం మూడు రూపాల్లో వస్తుంది.

మొదటిది కులం. తీరిక దగ్గర కులం ఎంత క్రూరంగా ఉంటుందో చుండూరు చెప్పింది. 1991లో సినిమాహాల్లో దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని అగ్రకుల యువకుడికి తగలడం దగ్గర మొదలైన గొడవ ఆగస్టు 6న దళితుల ఊచకోత దాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. భూమి తగాదా కాదు, కూలి తగాదా కాదు, ఒకే హాల్లో కూర్చుని సినిమా చూడడం. పట్నం పార్కులో ఈ భయం తక్కువ. పక్కనున్నది ఎవరో తెలియకపోవడమే అక్కడి సుఖం. మా ఇళ్ళలో యూనివర్సిటీకి పోయిన మొదటి తరం మేం. క్యాంపస్‌లో చెట్టుకింద గంటసేపు కూర్చున్నా 'ఎవరి తాలూకు?' అని అడిగే మనిషి లేకపోవడం మాకు క్లాసుల కన్నా ముందు అందిన చదువు. కులాంతర ప్రేమజంటలు పార్కులు వెతుక్కునేదీ అందుకే. సంస్కృతి పేరుతో వాళ్ళను తరిమే మూకలు పార్కులకే వచ్చేదీ అందుకే.

రెండోది టికెట్టు. విజయవాడ బస్టాండు దగ్గరి రాజీవ్ గాంధీ పార్కుకు పోయినా, కృష్ణలో 133 ఎకరాల భవానీ ద్వీపానికి పోయినా లెక్క చూసుకోవాలి. ద్వీపానికి పడవ ఛార్జీ అదనం. పిల్లాపాపలతో ఇంటిల్లిపాదీ పోతే ఒక మనిషి రోజుకూలికి గండి. 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ బస్సుల్లో ఛార్జీ లేకుండా పోయింది. కంకిపాడు కూలి మనిషి బెజవాడ దాకా ఊరికే రాగలిగినప్పుడు పార్కు గేటు దగ్గర ఆగిపోవడం అన్యాయం.

మూడోది తీరిక. అందరికన్నా ముందు తెల్లారకుండానే పార్కులోకి అడుగుపెట్టేది చీపురు పట్టిన పారిశుధ్య కార్మికులు. వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. వాకింగు చేసేవాళ్ళు వచ్చేసరికి వాళ్ళు ఊడ్చి పోవాలి. అదే పార్కులో సాయంత్రం బల్లమీద కూర్చునే వేళ ఆ మనిషికి ఉందా? 1945లో కాంగ్రెసు, గాంధీల మీద రాసిన పుస్తకంలో అంబేద్కర్ ఈ విషయం సూటిగా ఎత్తారు. మనిషికీ పశువుకూ తేడా సంస్కృతి అనీ, తీరిక లేనిదే సంస్కృతి లేదనీ, యంత్రం మనిషికి తీరిక ఇస్తుందనీ, ప్రజాస్వామ్య సమాజం ప్రతి పౌరుడికీ తీరికతో కూడిన జీవితం ఇవ్వాలనీ వాదించారు. ఎప్పుడూ పనిలో కనిపించే మనిషినే 'మంచి కూలి' అనే ఊళ్ళో తీరిక అడగడం చిన్న విషయం కాదు.

బందరు రోడ్డు మీద స్మృతివనం

కంకిపాడులో బస్సెక్కి అదే బందరు రోడ్డు మీద పదిహేను కిలోమీటర్ల పైచిలుకు పోతే విజయవాడ స్వరాజ్ మైదానం. పీడబ్ల్యూడీ గ్రౌండు అని జనం పిలిచేవాళ్ళు. బహిరంగ సభలు, ఎగ్జిబిషన్లు, జనవరిలో పుస్తక మహోత్సవం అక్కడే. ఆ 18.81 ఎకరాల్లో 81 అడుగుల పీఠం మీద 125 అడుగుల అంబేద్కర్ విగ్రహంతో స్మృతివనం 2024 జనవరి 19న ప్రారంభమైంది. మన ఊళ్ళలో బాబాసాహెబ్ విగ్రహం పెట్టడానికి జానెడు జాగా కోసం ఎన్ని గొడవలో గుర్తు చేసుకుంటే, నగరం నడిబొడ్డున ఇది దొరకడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది.

ఏ పార్టీ కట్టింది, ఎవరి పేరు ఎక్కడుంది అన్న వాదన పార్టీలకు వదిలేద్దాం. మనం చూడాల్సింది దాని వాడకం. ఏప్రిల్ 14న, డిసెంబరు 6న దండ వేసి వచ్చేస్తే అది విగ్రహమే అవుతుంది, వనం కాదు. కోతలు అయిపోయిన రోజుల్లో కూలి మనుషులు వచ్చి సాయంత్రం దాకా కూర్చుంటే, పిల్లలు పరుగెత్తితే, విద్యార్థులు చెట్టుకింద చదువుకుంటే, అప్పుడు అది బాబాసాహెబ్ చెప్పిన తీరికకు చోటవుతుంది. మైదానంగా ఉన్నప్పటి స్వేచ్ఛ, అంటే నలుగురు చేరి మాట్లాడుకునే స్వేచ్ఛ, తగ్గకుండా చూసుకునే బాధ్యత కూడా మనదే.

బోర్డు మీద లేని చదువు

బొటానికల్ గార్డెన్‌లో చెట్టుకో బోర్డు ఉంటుంది. దాని మీద లాటిన్ పేరు, కుటుంబం, ఉపయోగాలు. ఈ చదువు మన నేలమీద ఎట్లా మొదలైందో చూడాలి. ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా తోటకు పోకముందు, 1793 దాకా, సామర్లకోటలో తోట పెంచి మొక్కల్ని పరీక్షించాడు. 1795 నుంచి అచ్చయిన ఆయన కోరమాండల్ తీరపు మొక్కల పుస్తకంలో తెలుగు పేర్లు రాసుకున్నాడు. ఆ పేర్లు అడవిలో, పొలంలో, వాడలో తిరిగే జనం నోట వినకపోతే దొరికేవి కావు. మన సోమిద చెట్టుకు శాస్త్రీయ నామంలోని మొదటి మాట 'సోయ్‌మిడా' తెలుగు పేరు నుంచే వచ్చింది. పుస్తకం మీద ఆయన పేరుంది, చెప్పినవాళ్ళ పేర్లు లేవు.

తంగేడు సంగతి చూడండి. అది 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. బతుకమ్మలో పేర్చే పువ్వనీ, మందుకు పనికొస్తుందనీ అందరూ చెబుతారు. తంగేడు చెక్కతో తోలు ఊనుతుందని, ఎంత చెక్క వేయాలో, లందలో ఎన్నాళ్ళు నానాలో మాదిగలకు తెలుసు. అది రసాయనశాస్త్రం. తుమ్మచెక్క, కరక్కాయ కూడా ఆ పనికే. ఊరంతా తొడిగిన చెప్పు, పొలానికి నీళ్ళు తోడిన మోటబాన ఆ చదువులోంచి వచ్చాయి. బోర్డు మీద ఈ వాక్యం చేరితే మన పిల్లలు ఆ చెట్టు ముందు తలెత్తి నిలబడతారు.

చేయాల్సిన పనులు

టీచర్లు పిల్లల్ని పార్కుకు, బొటానికల్ గార్డెన్‌కు తీసుకుపోయేటప్పుడు 15(2) అధికరణాన్ని గేటు దగ్గరే చదివించాలి. చెట్లకు ఇళ్ళల్లో పిలిచే పేర్లు, వాడే పనులు పిల్లల చేత రాయించాలి. విద్యార్థులు తమ ఊరి పార్కు స్థలం, మైదానం, చెరువుగట్టు ఎవరి పేరున ఉన్నాయో పంచాయతీలో, మునిసిపాలిటీలో అడిగి తెలుసుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం అందుకు ఉంది. సంఘాలు కొన్ని డిమాండ్లు ముందుపెట్టాలి: ప్రజల డబ్బుతో నడిచే పార్కులకు టికెట్టు వద్దు, కూలిపని ముగిసే వేళ దాటాక కూడా గేటు తెరిచి ఉండాలి, ఆడవాళ్ళకు మరుగుదొడ్లు, తాగునీళ్ళు, నీడన బల్లలు ఉండాలి. పారిశుధ్య కార్మికులకు వారంలో ఒక రోజు జీతంతో సెలవు కావాలి. పంచాయతీ పార్కు వేసేటప్పుడు అది పల్లెకూ ఊరికీ మధ్యన, రెండువైపుల నుంచీ నడిచి పోగలిగిన చోట ఉండాలి.

ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కర్లేదు. మినుము తీతలు అయ్యాక ఒక ఆదివారం పల్లెలో ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు కలిసి క్యారేజీలు కట్టుకుని బెజవాడ బస్సెక్కొచ్చు. దండ అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. నీడ చూసుకుని కూర్చుంటే చాలు.