మిలేతులో విడిచిపెట్టిన స్నేహితుడు

మేము ముగ్గురం. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాద్, ఒకరిది భూపాలపల్లి. అప్పట్లో మూడూ వరంగల్ జిల్లా ఊళ్లే. 2016లో జిల్లాలు విడగొట్టాక మూడు జిల్లాల వాళ్లమయ్యాం. యవ్వనస్తుల కూటాల్లో మొదలైన స్నేహం మాత్రం విడిపోలేదు. ఇప్పుడు ఇద్దరమే మిగిలాం. జనగామ మిత్రుడు ప్రభువునందు నిద్రించాడు. అతని గురించి రాయాలంటే మా తప్పు కూడా రాయక తప్పదు.

అతనికి రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటలు డయాలసిస్. తెల్లవారకముందే లేచి రైల్లో వరంగల్ వెళ్లేవాడు. ఎడమ చేతి రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేశారు. అక్కడ చెవి పెడితే గుయ్యిమని చప్పుడు. ఆ చేతిని గట్టిగా పట్టుకోకూడదు. ప్రార్థన చేద్దామని ఎవరైనా పట్టుకోబోతే నవ్వుతూ కుడిచెయ్యి అందించేవాడు. తాగే నీళ్లకూ లెక్కే. రోజంతటికీ ఒక సీసా, అదీ పూర్తిగా కాదు. ప్రభు బల్ల దగ్గర తీసుకునే చిన్న గిన్నెను కూడా లెక్కలో వేసుకుంటానని వేళాకోళంగా అనేవాడు.

మొదటిసారి చూడబోయినప్పుడు మేము కొబ్బరిబోండాలు, బత్తాయిలు తీసుకెళ్లాం. వదిన మారు మాట్లాడకుండా వాటిని పక్కన పెట్టింది. తర్వాత తెలిసింది, వాటిలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు పనిచేయనివాళ్లకు అది రక్తంలో పేరుకుపోయి గుండెనే ఆపేయగలదు. ప్రేమతో మోసుకెళ్లింది అతనికి విషం.

మా మాటలూ అలాగే అయ్యాయి. ఒక స్వస్థత కూటంలో వేదిక మీదినుంచి ఒకరు, యంత్రాన్ని వదిలేయడమే విశ్వాసం అన్నారు. మావాడు రెండుసార్లు డయాలసిస్‌కు పోలేదు. వద్దని మేము చెప్పామా? లేదు. పైగా అతని పక్కనే మోకాళ్లూని, ఇతని అవిశ్వాసమును తీసివేయుము ప్రభువా అని గట్టిగా ప్రార్థించాం. అతను వింటూనే ఉన్నాడు. కొద్ది రోజుల్లోనే ఒక రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఊపిరాడలేదు. అంబులెన్సులో వరంగల్ తీసుకెళ్లారు. దేవుని కృపవల్ల బతికాడు.

ఆస్పత్రికి వెళ్తే, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ప్రశ్న మాత్రం అడిగాడు. "అన్నా, పౌలు చేతిగుడ్డలు తాకితేనే రోగాలు పోయినయి గదా. మరి త్రోఫిమును రోగంతోనే మిలేతుల ఎందుకు ఇడిసిపెట్టిండు? విశ్వాసం పౌలుకు తక్కువైందా, త్రోఫిముకా?"

మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి రెండవ తిమోతి 4:20 తీసి చూశాం. ఎన్నిసార్లు చదివినా కంటికి ఆనని వచనం. త్రోఫిము ఎవరో పరాయివాడు కాదు, పౌలు వెంట యెరూషలేము దాకా నడిచిన ఎఫెసీయుడు. అతని రోగానికి పౌలు కారణం చెప్పలేదు, నింద మోపలేదు. ఉన్నది ఉన్నట్టు ఉత్తరంలో రాశాడు. చావుకు సిద్ధమైన ఎపఫ్రొదితును దేవుడు కనికరించి లేపిన సంగతి రాసిందీ ఈ పౌలే. మేము ఎపఫ్రొదితు గురించి ప్రసంగాలు చేశాం. త్రోఫిము జోలికి పోలేదు. యోబు స్నేహితులు కూడా ఏడు రోజులు అతనితో నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. నోరు తెరిచాకే చెడింది. దేవుడు నేటికీ స్వస్థపరుస్తాడని మేము నమ్ముతున్నాం. లేవని వాడికి కారణం చెప్పే పని మాత్రం మానేశాం.

ఆ తర్వాత ఒక సోమవారం, అతనికి డయాలసిస్ లేని రోజు, ముగ్గురం కలిసి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ వెళ్లాం. బిషప్ అజరయ్య గారు కట్టించిన దేవాలయాన్ని చూడాలని అతని కోరిక. 1939లో ప్రతిష్ఠించిన ఆ గుడిని మన దేశపు కట్టడాల తీరులో కట్టారు. నీడన కూర్చుని అజరయ్య గారి మాటలు చెప్పుకున్నాం. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల ఎదుట నిలబడి, మీ త్యాగాలు గొప్పవే, మాకు స్నేహితులు కూడా కావాలని అడిగిన మనిషి ఆయన. మావాడు సీసా తీసి రెండు గుక్కలు తాగి అన్నాడు: "అప్పుడు దొరలను అడిగిండు. ఇప్పుడైతే మనలనే అడగాలె."

అతను పోయిన రోజు భూపాలపల్లి నుంచి పరకాల మీదుగా బస్సు, హన్మకొండలో ఇంకో బస్సు. జనగామ చేరేసరికి గుడి నిండిపోయింది. భూస్థాపన అయ్యాక అరుగు మీద ఒంటరిగా కూర్చున్న ఒకాయన కనిపించాడు. డయాలసిస్‌లో అతని పక్క మంచమట. మన సంఘస్థుడు కాదు. ఎవరో నిండు గ్లాసు టీ ఇవ్వబోతే చేతులు జోడించి వద్దన్నాడు. మాకు అర్థమైంది. గ్లాసు పక్కన పెట్టించి, ఆయన కుడివైపున కూర్చున్నాం. ఏయే రోజులని అడిగాం.

మంగళ, గురు, శని అన్నాడు. రాసుకున్నాం.