పులియని రొట్టె

గౌతమీ తీరాన ఉన్న మన కపిలేశ్వరపురం నుంచి అటు నరసాపురం దాకా, ఈ డెల్టాలోని బ్రదరన్ సంఘాల వారు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారు. 1836లో ఇంగ్లండ్‌లో ఓడ ఎక్కి, నరసాపురంలో స్థిరపడిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు వేసిన బాట ఇది. అయితే ఆ బల్ల అంతకంటే చాలా పాతది.

యేసుప్రభువు ఆ రాత్రి శిష్యులతో కూర్చున్నది పస్కా భోజనానికి (లూకా 22:15). ఐగుప్తులో బానిసలైన ఇశ్రాయేలీయులు బయటపడిన రాత్రికి అది జ్ఞాపకం. గొర్రెపిల్ల, చేదు కూరలు, పులియని రొట్టె. పిండి పులిసేదాకా ఆగే తీరిక వారికి లేదు. ప్రభువు తన శరీరమని చెప్పి విరిచింది ఆ బానిసల రొట్టెనే!

యూదుల ఇళ్లలో పస్కా రాత్రి చిన్నపిల్లవాడు లేచి, ఈ రాత్రి ప్రత్యేకత ఏమిటని అడుగుతాడు. పెద్దలు తమ బానిసత్వపు కథతో జవాబు మొదలుపెడతారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో 'బెనె ఎఫ్రాయిము' అనే తెలుగు యూదులున్నారు. ఒకప్పుడు క్రైస్తవులైన వారు ఇప్పుడు పస్కా ఆచరిస్తారు. వారితో వాదం పెట్టుకోవడం కంటే ఆ ప్రశ్న నేర్చుకోవడం మేలు.

ఊరి బావి దగ్గర దూరంగా నిలబడిన తాతలు మనకూ ఉన్నారు. అలాంటివారు అందరితో ఒకే గిన్నెలోది తాగిన రోజు ఎంత గొప్పదో మన పిల్లలకు చెప్పామా? బల్ల దగ్గర నుంచి లేచి, కులం అడిగి సంబంధాలు చూస్తున్నాం.

కొరింథులో కలిగినవారు ముందే తినేస్తే లేనివారు ఆకలితో ఉండిపోయేవారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు రాశాడు (1 కొరింథీ 11:20, 21).