అవ్వ అడిగిన డబ్బా

రాండి రాండి, కట్ట మీద కూచోండి. అవ్వ బుడ్డలు వేయించింది, తింటా వినండి. మన కోడుమూరు మగ్గాల మీద జకార్డు అట్టలు చూసినారు గదా? అట్టలో బొక్క ఉండేదీ లేందీ చూసే ఏ పోగు లేవాలో మగ్గం తెలుసుకుంటాది. చీర అంచులో పువ్వంతా ఆ బొక్కల్లోనే దాక్కోనుంటాది. కంప్యూటర్ గుర్తు పెట్టుకునేదీ అట్లే, ఉందా లేదా అనే రెండు మాటలతో.

1984లో మన దేశంలో ‘క్లాస్’ అనే పథకం పెట్టి బళ్లకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చినారు. నేను ఒక బళ్లో చూసినా. మెమరీ 32 కిలోబైట్లు, మీ ఫోన్లో తీసే ఒక్క ఫోటో కూడా దాంట్లో పట్టదు! ప్రోగ్రాములు పాటల క్యాసెట్లోనే ఉండేవి. సున్నాకు బొంగురు కూత, ఒకటికి సన్న కూత, సెకనుకు 120 అక్షరాలు. అయిదు నిమిషాలు ఆ కీచుకీచు భరించినాక, ఆఖర్లో ఎక్కడో తేడా వచ్చేది. మళ్లా రివైండు.

తర్వాత ఫ్లాపీలు వచ్చినాయి. ఒక్కోదాంట్లో 80 వరసలు, వరసకు 10 గళ్లు, గడికి 256 అక్షరాలు. ఇప్పుడవి బూజు పట్టినాయి, కొత్తవి దొరకవు. అందుకే ఆ పాత కంప్యూటర్లకు గోటెక్ అని ఒక పెట్టె పెడతాండారు. ఎంబ్రాయిడరీ మిషన్లకు ఫ్లాపీ బదులు వాడతాండిందే. దాంట్లోకి ఫ్లాష్‌ఫ్లాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఎక్కించి, పాత ఫ్లాపీ వైరే తగిలించి, ముందర పెన్‌డ్రైవ్ గుచ్చితే సరి.

ఎట్లంటే, మీ అవ్వకు చూపు ఆనదు. “మూడో అరలో అయిదో డబ్బా తీయమ్మీ, కందిబ్యాళ్లు” అంటాది. అరలు తీసేసి యాడాదాయె, సరుకంతా ఒక్క ట్రంకు పెట్టెలో ఉండాది. మీయమ్మ ఆ మాట చెప్పదు. ట్రంకులో వెతికి బ్యాళ్లు తెచ్చి చేతిలో పెడతాది. గోటెక్ చేసేది ఈ కోడలు పనే. కంప్యూటర్ ఇరవయ్యో వరస అంటే, పెన్‌డ్రైవ్‌లో లెక్క చూసి ఆ వరసంతా అందిస్తాది. 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌లో అట్లాంటి ఫ్లాపీలు ముప్పైతొమ్మిది వేలు పడతాయి!

ఇంకో ఇచ్చిత్రం. పెన్‌డ్రైవ్‌లో తిరిగేది ఏమీ లేదు. అయినా ఫ్లాపీ నిమిషానికి 300 చుట్లు తిరిగేది గదా, అందుకని గోటెక్ సెకనుకు అయిదుసార్లు “ఒక చుట్టు అయింది” అని సైగ పంపిస్తాది. ఆ సైగ లేకుంటే ముసలి కంప్యూటర్ నమ్మదు.

కొందరు దానికి చిన్న స్పీకరు కూడా తగిలిస్తారు. వరస మారినప్పుడల్లా పాత ఫ్లాపీ మాదిరే టక్ టక్ మంటాది. నేనూ పెట్టించుకున్నా. ఉండండి, వినిపిస్తా.