పటంలో పట్టా ఎవరిది?

ఊరి పేర్ల గొడవ వచ్చినప్పుడల్లా మనవాళ్ల నోట రెండు మాటలు వినిపిస్తాయి. ‘పేరు మారిస్తే రోడ్లు బాగుపడతాయా, కుళాయిలో నీళ్లొస్తాయా?’ అనేది ఒకటి. ‘పాత పేరే అసలు పేరు, అదే మళ్లీ పెట్టాలి’ అనేది రెండోది. న్యూజిలాండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లు ఇక్కడి మూలవాసులు మావోరీల పేర్ల దగ్గర మొదటి మాట అంటారు, సొంత గడ్డ సంగతి వచ్చేసరికి రెండోది అందుకుంటారు. ‘మీది ఆంధ్రానా?’ అని ఎవరైనా అడిగితే ‘కాదు, తెలంగాణ’ అని అక్కడికక్కడే సరిదిద్దే మనిషే, ఇక్కడి వాంగనుయి పట్నం స్పెల్లింగులో ఒక్క అక్షరం కోసం అంత రచ్చ దేనికని విసుక్కుంటాడు. ఈ రెండు మాటలూ తప్పే. ఎందుకు తప్పో చూపించడానికి ఆక్లాండ్ పడమటి వైపున్న మా న్యూ లిన్ చాలు.

ఈ పేరు 1860లలో పుట్టింది. ఇంగ్లండులో నార్‌ఫోక్ ప్రాంతపు కింగ్స్ లిన్‌ను తలచుకుని దీన్ని న్యూ లిన్ అన్నారు. ఆ కింగ్స్ లిన్ అయినా మొదటి నుంచీ రాజుగారిది కాదు. 1537 దాకా అది బిషప్స్ లిన్. ఎనిమిదో హెన్రీ చర్చి ఆస్తులు లాక్కుంటున్న రోజుల్లో ఆ పట్నం బిషప్పు చేతిలోంచి రాజు చేతిలోకి పోయింది, దాంతోపాటే పేరూ మారింది. అంటే సముద్రాలు దాటి ఇక్కడికి చేరిన పేరు కూడా పుట్టింటి దగ్గరే ఒక రాజకీయ తగాదాలో నలిగింది.

ఇక్కడి నేలకు అంతకు ముందే పేర్లున్నాయి. వైటెమాటా హార్బర్ నుంచి ఫౌ నది లోపలికి చొచ్చుకొచ్చి న్యూ లిన్ దగ్గర సన్నబడుతుంది. పోటు వేళ నీళ్లు నిండితే మడచెట్ల మధ్య ఏరులా పారుతుంది, ఆటు వేళ బురద మిగులుతుంది. మావోరీలు పోటు మీద వాకాలను, అంటే తమ పడవలను, వీలైనంత లోపలికి తెచ్చేవారు. అక్కడి నుంచి నేల మీద ఈడ్చుకుంటూ అవతలి మనుకావ్ హార్బర్లో దించేవారు. ఇవతలిది పసిఫిక్, అవతలిది టాస్మాన్ సముద్రం. ఈ కాస్త నేల దాటితే ఉత్తరపు కొన చుట్టూ తిరిగి రావాల్సిన ప్రయాణం తప్పేది. ఆ దారి పేరు తె తోఆంగా వాకా, పడవలను ఈడ్చే చోటు. ఇవాళ మనం కార్లలో తిరిగే పోర్టేజ్ రోడ్డు ఇంగ్లిషు పేరులో ఉన్నదీ ఆ సంగతే. పని అదే, నోరు మారింది.

అలాగని న్యూ లిన్ దొంగపేరు అనలేం. ఈ నేలలోని బంకమన్నుతో ఇక్కడ ఇటుకలు కాల్చారు, పైపులు చేశారు, తర్వాత పింగాణీ చేశారు. 1989లో మూతపడే దాకా క్రౌన్ లిన్ కప్పులూ సాసర్లూ దేశంలో ఇంటింటికీ చేరాయి. పాత సామాన్ల దుకాణంలో ఒక కప్పు దొరికితే బోర్లించి చూడండి, అడుగున ఆ ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్న ప్రతి ముక్కనూ చేతిలోకి తీసుకోబుద్ధేస్తుంది నాకు. ఈ నేల మట్టి, ఈ ఊరివాళ్ల చెమట, ఇంగ్లండు నుంచి తెచ్చుకున్న పేరు, మూడూ ఒకే బట్టీలో కాలి గట్టిపడ్డాయి. అలా గట్టిపడ్డ పేరును పరాయిదని తీసి పారేయడం న్యాయం కాదు.

మరి రెండు పేర్లూ నిజమైతే తగాదా దేని మీద? మన పల్లెల్లో అడంగల్ చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. తెలంగాణలో దాన్నే పహాణీ అంటారు. అందులో పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఇంకొకటి. కాగితం మీద భూమి ఎవరిదో మొదటిది చెబుతుంది, దున్నుతున్నది ఎవరో రెండోది చెబుతుంది. ఊరి పేరూ అంతే. ప్రభుత్వ పటంలో ఉన్నది పట్టాదారు, జనం నోట్లో ఉన్నది అనుభవదారు. వలస పాలకుల సర్వేయర్లు చేసింది ఒక పెద్ద మ్యుటేషన్. నోటీసు లేదు, విచారణ లేదు, పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసేశారు. కొన్నిచోట్ల అనుభవదారు కాలమ్‌నే ఎత్తేశారు. ధరణి పోర్టల్ రోజుల్లో ఆ కాలమ్ లేకపోయేసరికి తెలంగాణ కౌలురైతు ఏమయ్యాడో మనం చూశాం. దున్నుతూనే ఉన్నాడు, రికార్డులో మాత్రం లేడు. పేరు పోయిన జాతి పరిస్థితీ అదే. రోడ్లు బాగుపడతాయా అని అడిగేవాళ్లు ఆ కౌలురైతును అడగాలి, ‘కాగితంలో నీ పేరుంటే పంట ఎక్కువ పండుతుందా?’ అని. పంట పెరగదు. కానీ రేపు బీమా, నష్టపరిహారం, అప్పు, ఏదొచ్చినా ఆ కాగితమే అడుగుతారు.

ఇప్పుడు వాంగనుయి కథ. అది ఉత్తర ద్వీపంలో నది ఒడ్డున ఉన్న పట్నం. 1840లలో వలసల కంపెనీ దానికి తన డైరెక్టరు లార్డ్ పీటర్ పేరు పెట్టింది. అది అక్కడి తెల్లవాళ్లకే నచ్చలేదు. 1854లో నది పేరే పట్నానికీ వచ్చింది. కాకపోతే మావోరీ స్పెల్లింగులో డబ్ల్యూ తర్వాత ఉండాల్సిన హెచ్ రాలేదు. ఆ నది తీరపు యాసలో ఆ రెండక్షరాలను ‘ఫ’గా పలకరు, గొంతులో చిన్న పట్టుతో ‘వ’ అంటారు. విన్నవాళ్లు విన్నట్టు రాసుకున్నారు. ‘వాంగా నుయి’ అంటే పెద్ద రేవు. హెచ్ తీసేస్తే ఆ మాటకు అర్థమే లేదన్నది అక్కడి మావోరీల వాదన.

నది పేరుకు 1991లోనే హెచ్ తిరిగొచ్చింది. పట్నానికి మాత్రం యుద్ధమే జరిగింది. 2006లో ఓటింగ్ పెడితే 82 శాతం హెచ్ వద్దన్నారు. 2009లో అక్కడి మావోరీ సంఘం తె రూనంగా ఓ తూపోహో, ఊళ్ల పేర్లు తేల్చే జియోగ్రాఫిక్ బోర్డుకు దరఖాస్తు పెట్టింది. ఈ బోర్డు పద్ధతి వివరంగా చెప్పుకోదగ్గది. పేరు కోసం ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. బోర్డు పాత పటాలూ రాతలూ తిరగేస్తుంది, స్థానిక మావోరీ తెగల మాట వింటుంది. ఆ తర్వాత ప్రకటన ఇచ్చి జనం అభిప్రాయాలు తీసుకుంటుంది. అభ్యంతరాలు వచ్చినా బోర్డు తన మాట మీద నిలబడితే ఫైలు మంత్రి దగ్గరికి వెళుతుంది. ఆయన ఒప్పుకోవచ్చు, మార్చవచ్చు, కొట్టేయవచ్చు. ఏం చేసినా గెజిట్‌లో వేయాల్సిందే. వాంగనుయి విషయంలో అదే ఏడాది ఇంకోసారి ఓటింగ్ జరిగింది, మళ్లీ హెచ్ వద్దన్నారు. అయినా బోర్డు హెచ్ ఉండాలనే చెప్పింది. 2009 డిసెంబరులో మంత్రి రెండు స్పెల్లింగులూ చెల్లుతాయన్నారు, ప్రభుత్వ శాఖలు మాత్రం హెచ్ వాడాలన్నారు. అంటే ఉమ్మడి పట్టా. ఆరేళ్లు గడిచాయి. 2015లో జిల్లా పేరులోకీ హెచ్ వచ్చింది, ఆ మార్పు కోరింది జిల్లా కౌన్సిలే.

82 శాతం కాదన్నాక ఇదేం ప్రజాస్వామ్యమని అడుగుతారు. సర్వే నంబరు ఎవరిదో గ్రామసభలో చేతులెత్తించి తేలుస్తారా? రికార్డు చూస్తారు, హద్దులు చూస్తారు, పక్క పొలంవాళ్లను అడుగుతారు. లాక్కున్నవాళ్ల సంఖ్య ఎక్కువైనంత మాత్రాన పట్టా వాళ్లదైపోదు. ఒక్క అక్షరానికింత గోలా, ఇది న్యూమరాలజీలా ఉందే అన్నవాళ్లూ ఉన్నారు. దశ తిరుగుతుందని పేరు చివర ఇంకో ‘ఏ’ తగిలించుకోవడం మూఢనమ్మకం. ఊడబెరికిన అక్షరాన్ని తిరిగి అడగడం హక్కు. రెండింటినీ ఒక గాటన కట్టకూడదు.

ఇక్కడి తారనకి కొండ కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1770లో కెప్టెన్ కుక్ దానికి ఎగ్‌మాంట్ ప్రభువు పేరు పెట్టాడు. ఆ ప్రభువు ఆ కొండను ఎన్నడూ చూడలేదు. 1986 నుంచి రెండు పేర్లూ నడిచాయి. 2025 జనవరిలో పార్లమెంటు ఆ కొండకు చట్టపరమైన వ్యక్తి హోదా ఇస్తూ తారనకి పేరొక్కటే అధికారికం చేసింది. కొండ కూలలేదు, ఎవరి ఇల్లూ కాలలేదు.

మన దగ్గర ఇళ్లు కాలాయి. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా ఏర్పడింది. మే నెలలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా అని పేరు ప్రతిపాదించి, అభ్యంతరాలు చెప్పమని నోటిఫికేషన్ ఇచ్చారు. గడువు పూర్తికాకముందే, మే 24న, అమలాపురంలో మంత్రి ఇంటికీ ఎమ్మెల్యే ఇంటికీ నిప్పు పెట్టారు. కోనసీమ పేరు పోతోందన్నది పైకి చెప్పిన కారణం. కోనసీమ అన్న మాట కొత్త పేరులో నిక్షేపంగా ఉంది, ఇప్పటికీ ఉంది. 2010లో కడప జిల్లా పేరులోంచి కడప అన్న మాటనే పూర్తిగా తీసేసి వైఎస్సార్ జిల్లా అన్నారు, 2025లో గాని కడప తిరిగి రాలేదు. అప్పుడు ఎవరి ఇల్లూ తగలబడలేదు. ఒకచోట ఉన్న పేరు కొట్టేశారు, జనం సర్దుకున్నారు. ఇంకోచోట ఉన్నదానికి ఒక పేరు చేర్చారంతే, ఊరు అంటుకుంది. ఈ తేడాకు కారణం కులం. ఉమ్మడి పట్టాలో దళితుల పేరు పక్కన తమ పేరు ఉండటం కొందరికి గిట్టలేదు. దీన్ని ప్రాంతాభిమానం అని పిలవడం అబద్ధం.

పాత పేరే అసలు పేరనే వాదమూ నిలవదు. 1996లో మద్రాసును చెన్నై చేసినప్పుడు అది తమిళ ఆత్మగౌరవం అన్నారు. ఆ చెన్నై అన్న మాట తెలుగు నాయకుడు దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు నుంచి వచ్చిందన్న కథనమే ఎక్కువ ప్రచారంలో ఉంది. మద్రాసు పేరూ అంతే పాతది. కాబట్టి పేరు వయసు అడిగి లాభం లేదు. 2024లో తెలంగాణ బండ్ల నంబర్లలో టీఎస్ పోయి టీజీ వచ్చింది. అక్కడ అసలు తగాదా వయసు మీద కాదు, తెలంగాణ ఉద్యమం పేరు చెప్పుకునే హక్కు ఎవరిదన్న దాని మీద.

ఎక్కడ పేరు మార్చాలన్నా మూడు సంగతులు చూడండి. అడుగుతున్నది ఆ నేలతో బతికినవాళ్లా, ఓట్ల కోసం దిగినవాళ్లా? కొత్త పేరుతో ఎవరి పేరు కొట్టేస్తున్నారు? అందరి మాటా విని, కాగితం మీద పెట్టారా? మూడింటికీ సరైన జవాబు దొరికితే ఆ మార్పుకు అడ్డుపడకండి. న్యూజిలాండ్‌లో ఉంటున్న తెలుగువాళ్లకు ఇంకో మాట. జియోగ్రాఫిక్ బోర్డు అభిప్రాయాలు అడిగినప్పుడు ఎవరైనా రాయవచ్చు. తెలంగాణ పేరు కోసం, కడప పేరు కోసం గుండెలు బాదుకున్న మనం ఈ దేశంలో పేరు పోగొట్టుకున్నవాళ్ల వైపు నిలబడి ఒక ఉత్తరం రాయాలి. రాయండి.