బతికున్న నత్తకు ఇరవై ఏడు వేల ఏళ్ళు

అమెరికాలోని నెవాడా రాష్ట్రం దక్షిణాన, ఎడారిలో కొన్ని నీటి ఊటలున్నాయి. వాటిలో సన్నగా మెలితిరిగిన గుల్లతో ఒక చిన్న నత్త బతుకుతుంది. అదే జాతి నత్త మన దేశంలోనూ చెరువుల్లో, కాలువల్లో కనిపిస్తుంది. ఆ ఊటల్లో బతికున్న నత్తల గుల్లలకు కార్బన్-14 పరీక్ష చేస్తే, కొన్నింటి వయసు 27,000 ఏళ్ళని తేలింది. 1984లో ‘సైన్స్’ పత్రికలో ఈ సంగతి అచ్చయింది.

యంత్రం పొరబడలేదు. గుల్లలో ఎంత కార్బన్-14 ఉందో అంతే చెప్పింది. మనం అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ నత్త తన ఇల్లు కట్టుకోవడానికి సరుకు ఎక్కడినుంచి తెచ్చుకుంది? పురాతన స్థలాల్లో దొరికే గవ్వలు, శంఖాలు, ఆల్చిప్పల వయసు తేల్చడంలో తంటా అంతా ఈ ప్రశ్న దగ్గరే ఉంది.

తాంబూలంలోకి గుల్లసున్నం వాడినవాళ్ళకు ఇందులో సగం రసాయనశాస్త్రం ముందే తెలుసు. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని బట్టీలో కాలిస్తే బొగ్గుపులుసు వాయువు పైకి పోయి సున్నం మిగులుతుంది. సున్నం కాల్చేవాడు గాలికి వదిలేసే ఆ వాయువే కాలం లెక్కగట్టేవాడికి కావలసిన సరుకు. ఎందుకంటే కార్బన్ అంతా అందులోనే ఉంది.

పైనుంచి పడే కాస్మిక్ కిరణాల వల్ల గాలిలో కార్బన్-14 ఎప్పటికప్పుడు పుడుతూ ఉంటుంది. చెట్టు గాలినుంచి, మనిషి తిండినుంచి దాన్ని తీసుకుంటారు. ప్రాణం పోగానే రాబడి ఆగిపోతుంది, ఉన్నది తరిగిపోతుంది. 5,730 ఏళ్ళకు సగమవుతుంది, మరో 5,730 ఏళ్ళకు ఆ సగంలో సగం. చికాగోలో విల్లర్డ్ లిబ్బీ బృందం 1949లో లోకానికి చూపించిన పద్ధతి ఇది. ఆయనకు 1960లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. ఒక విచిత్రం ఏమిటంటే, ఈ లెక్కల్లో ‘ఇప్పుడు’ అంటే 1950. ‘3,000 ఏళ్ళ క్రితం’ అని ప్రయోగశాల రాస్తే 1950 నుంచి వెనక్కి లెక్కపెట్టాలి.

బొగ్గు ముక్కకైతే ఈ లెక్క ఇంచుమించు నేరుగానే సరిపోతుంది. చెట్టు తాగింది అప్పటి గాలినే కదా. గుల్లలో ఉండే జీవి మాత్రం నీళ్ళలో కరిగిన కార్బన్‌తో గుల్ల కట్టుకుంటుంది. నెవాడా ఊటల నీళ్ళు భూగర్భంలో సున్నపురాళ్ళ మధ్యనుంచి వస్తాయి. ఆ రాళ్ళ వయసు కోట్ల ఏళ్ళు, వాటిలో కార్బన్-14 ఎప్పుడో పూర్తిగా హరించిపోయింది. ఆ పాత కార్బన్‌తో కట్టిన కొత్త ఇల్లు పాతదిగానే కనిపిస్తుంది. వందేళ్ళనాటి ఇటుకలు తెచ్చి నిరుడు కట్టిన గోడలాంటిది.

సముద్రంలో కారణం వేరు. లోతున ఉన్న నీళ్ళు శతాబ్దాల తరబడి గాలి మొహం చూడవు. వాటిలోని కార్బన్-14 తరుగుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు పైకి వచ్చి కలిసినప్పుడు పై నీటికీ ఆ ముసలితనం అంటుతుంది. అందుకే సముద్రపు గుల్ల, అదే రోజు చచ్చిన చెట్టుకన్నా సగటున 400 ఏళ్ళు పెద్దదిగా కనిపిస్తుంది. ఈ తేడా అన్ని తీరాల్లో ఒకటి కాదు. లోతు నీళ్ళు ఎక్కువగా పైకి వచ్చేచోట ఎక్కువ, తక్కువగా వచ్చేచోట తక్కువ.

మన సముద్రాల లెక్క తేల్చిన పద్ధతి చూడండి. ఇప్పుడు ఒడ్డున దొరికే గుల్ల ఈ పనికి చెల్లదు. 1950లు, 60లలో జరిగిన అణుబాంబు పరీక్షలు గాలిలో కార్బన్-14ను విపరీతంగా పెంచేశాయి. అంతకుముందు సేకరించిన గుల్లలు కావాలి, అవి ఏ తీరంలో ఏ సంవత్సరం దొరికాయో రాసిపెట్టి ఉండాలి. 2001లో మన శాస్త్రవేత్తలు 1930కీ 1954కీ మధ్య సేకరించిన ఏడంటే ఏడు గుల్లలు తీసుకుని కొలిచారు. అరేబియా సముద్రపు గుల్లలు 434 నుంచి 693 ఏళ్ళ వరకూ, బంగాళాఖాతం వైపువి 408 నుంచి 511 ఏళ్ళ వరకూ చూపించాయి. అవి ఏరినప్పుడు నిజానికి వాటి వయసు సున్నా. ఎన్నడో ఎవరో ఓపికగా అతికించిన చీటీ ఎంత పనికొచ్చిందో ఇక్కడ తెలుస్తుంది.

గుజరాత్ తీరంలోని నాగేశ్వర్ వంటి హరప్పా నాటి ఊళ్ళలో శంఖాలు కోసి గాజులు చేసేవాళ్ళు. ఆ శంఖం కచ్ సింధుశాఖలోనూ దొరుకుతుంది, తమిళ తీరం దగ్గర మన్నార్ సింధుశాఖలోనూ దొరుకుతుంది. సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఊళ్ళో శంఖపు గాజు ముక్క బయటపడితే, అది ఏ సముద్రపు శంఖమో తెలియకుండా ఏ సవరణ వేస్తారు? ఒక తీరం లెక్క ఇంకో తీరానికి వేస్తే, వందేళ్ళకు పైగా తేడా రావచ్చు.

ఇక ప్రయోగశాలలో ఏం చేస్తారో చూద్దాం. ముందు పళ్ళ డాక్టరు వాడేలాంటి సన్నటి డ్రిల్లుతో పై పొర గీకేస్తారు. తర్వాత పలచటి ఆమ్లంలో ముంచితే గుల్ల బుసబుసమంటూ నురగ కక్కుతుంది. పైనున్న మకిలంతా పోతుంది. మిగిలినదాన్ని పొడిచేసి, గాలి లేని గాజు పాత్రలో ఫాస్ఫారిక్ ఆమ్లం పోస్తారు. అప్పుడు వచ్చే బొగ్గుపులుసు వాయువును పట్టి, గ్రాఫైటుగా మార్చి, యాక్సిలరేటర్ యంత్రంలో కార్బన్-14 పరమాణువులను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. కొద్ది మిల్లీగ్రాముల పొడి చాలు.

అంతకన్నా ముందు చేయాల్సిన పరీక్ష ఇంకొకటుంది, దాన్ని మానేస్తే మిగతా శ్రమంతా వృథా. చాలా గుల్లలు ఆరగొనైట్ అనే స్ఫటిక రూపంలో ఉంటాయి. మట్టిలో నీళ్ళు తగులుతూ ఉంటే అది కరిగి, కాల్సైట్ అనే మరో రూపంలో గట్టిపడుతుంది. అలా మారేటప్పుడు నేలలోని కొత్త కార్బన్ లోపలికి చేరుతుంది. ఆరగొనైట్ గుల్లలో ఎక్స్-రే పరీక్షకు కాల్సైట్ జాడ కనిపిస్తే దాన్ని పక్కన పెట్టాల్సిందే. దీని దెబ్బ చిన్నది కాదు. 40,000 ఏళ్ళ గుల్లలో నూటికి ఒక్క వంతు నేటి కార్బన్ కలిసినా, వయసు సుమారు 33,000కు పడిపోతుంది. నీటి పాత కార్బన్ వయసు పెంచితే నేల కొత్త కార్బన్ తగ్గిస్తుంది.

బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో ఒక రాతి చరియ కింద చిన్న చిన్న రాతి పనిముట్లు వేల సంఖ్యలో దొరికాయి. అక్కడ మనిషి మసలడం సుమారు 35,000 ఏళ్ళనాడే మొదలైందని 2009లో ప్రకటించారు. ఆ కాలక్రమం నిలిచింది పొరల్లో దొరికిన గుల్లల కార్బన్-14 కొలతల మీదే. ఆ చుట్టుపక్కలంతా నాపరాయి, సున్నపురాయి నేల. ఇలాంటి చోట ఒక్క గుల్ల మాట మీద చరిత్ర రాయకూడదని నా అభిప్రాయం. పై పొర గుల్ల వయసులో చిన్నది, కింది పొర గుల్ల పెద్దది అని వరస కుదరాలి. వీలైతే అదే పొరలో బొగ్గు వయసుతో సరిచూడాలి.

50,000 ఏళ్ళు దాటితే కార్బన్-14 చేతులెత్తేస్తుంది. అప్పుడు వేరే దారులు. గుల్లలో చిక్కుకున్న ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలు మొదట అన్నీ ఎడమచేతి వాటంగా ఉంటాయి. జీవి చచ్చాక నెమ్మదిగా కొన్ని కుడివైపుకు తిరుగుతాయి. ఆ నిష్పత్తి ఒక గడియారం. కాకపోతే ఎండకు తొందరపడుతుంది, చలికి మందగిస్తుంది. ఒకే వాతావరణంలో ఉన్న గుల్లల్లో ఏది ముందు, ఏది వెనుక అని చెప్పడానికి బాగా పనికొస్తుంది.

ఒక్కోసారి గుల్లను వదిలి, దాని కడుపులోని మట్టిని అడుగుతారు. జావాలోని ట్రినిల్‌లో 1890లలో శాస్త్రవేత్త యూజీన్ డుబ్వా సేకరించిన మంచినీటి ఆల్చిప్పలు నెదర్లాండ్స్‌లోని లైడెన్ మ్యూజియం చేరాయి. వందేళ్ళకు పైగా గడిచాక, వాటిలో ఒకదాని మీద మనిషి గీసిన వంకరటింకర గీత ఫొటోలో కంటబడింది. చిప్పల్లో ఇరుక్కుపోయిన మట్టి రేణువులను ఆర్గాన్ పద్ధతితోనూ, వెలుగు చివరిసారి ఎప్పుడు తగిలిందో చెప్పే పద్ధతితోనూ కొలిచారు. 4,30,000 నుంచి 5,40,000 ఏళ్ళ మధ్య అని తేలింది. గీసినది మన జాతి కాదు, హోమో ఎరెక్టస్ అనే పాత మానవజాతి. డుబ్వా కాలంలో ఎవరో చక్కగా కడిగి ఆరబెట్టి ఉంటే ఈ లెక్క దొరికేది కాదు.

చివరిగా ఒక్క మాట. బావి తవ్వుతున్నప్పుడో, ఇంటికి పునాది తీస్తున్నప్పుడో మట్టిలో ఒకేచోట గుట్టగా గుల్లలు బయటపడితే వాటిని కడగకండి, మెరుపు కోసం వార్నిష్ పూయకండి. ఎంత లోతున, ఏ రంగు మట్టిలో ఉన్నాయో రాసి, ఫొటో తీసి, పురావస్తు శాఖకు కబురు పెట్టండి.