ఇంటి సర్వరు – డిస్కును విడువని ప్రక్రియ



నేడు కొన్ని యిండ్లలో రేయింబవళ్లు ఆగక పనిచేయు చిన్న కంప్యూటరు నొకదానిని నిలుపుకొనుచున్నారు. దీనిని ఇంటి సర్వరందురు. మా యింటను అట్టిది యొకటి గలదు. మా తాళపత్రముల ఛాయాచిత్రములు, పొలముల దస్తావేజుల ప్రతులు, దూరదేశములందున్న పిల్లలు పంపిన చిత్రములు దాని డిస్కున నున్నవి. అట్టి డిస్కును మార్చుటకో, వేఱొక చోటికి గొనిపోవుటకో విడదీయబోవునప్పుడు యంత్రము సమ్మతింపకుండుట తఱచుగా జరుగును. అప్పుడేమి చేయవలెను, ఏమి చేయరాదు అను విషయమును మనవి చేసెదను.

ఈ సర్వరులలో పెక్కింట లినక్సు అను నిర్వాహక వ్యవస్థ యుండును. దీనిని 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించెను. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలయందు పుట్టిన యూనిక్సు పద్ధతిని ఇది యనుసరించినది. ఈ పద్ధతిలో డిస్కులెన్ని యున్నను అన్నిటికిని నామవృక్షము ఒక్కటియే. డిస్కును ఆ వృక్షమున నొక కొమ్మకు అంటుగట్టుట మౌంటు చేయుట. ఆ యంటును విప్పుట అన్‌మౌంటు చేయుట.

విప్పకయే డిస్కును ఊడదీసిన నేమి యని అడుగవచ్చును. మనము వ్రాసిన దానిని లినక్సు వెంటనే డిస్కున కెక్కింపదు. ముందుగా మెమొరీలో నుంచుకొని, పిదప నెక్కించును. పూర్వము కరణములు చిత్తుకాగితమున గుర్తుపెట్టుకొని తరువాత చిట్టాలో వ్రాసికొనినట్లే యిదియును. అన్‌మౌంటు చేయునప్పుడు మిగిలినదంతయు నెక్కించి లెక్క ముగించును. అది ముగియకుండ ఊడదీసినచో చివర వ్రాసినవి పోవును. ఏ ఫైలు ఎక్కడనున్నదో తెలుపు పట్టికయే చెడినను చెడవచ్చును. అప్పుడు దస్తావేజు డిస్కుననే యుండియు మనకు దొరకదు.

ఇక యంత్రము సమ్మతింపనప్పుడు చెప్పు బదులు, "ఆ స్థలము పనిలో నున్నది" అని. ఇది మొండితనము గాదు. పాతరలోనికి మనిషి దిగి యుండగా పైన మూత వేయువారుండరు గదా! డిస్కును ఎవరెవరు పట్టుకొని యున్నారో లినక్సు లెక్క నుంచుకొనును. ఆ లెక్క సున్న యగువఱకు విడువదు.

పట్టుకొనువారు పలు తెఱగులవారు. ఒక ప్రక్రియ, అనగా నడచుచున్న ప్రోగ్రాము, అందలి ఫైలును తెఱచి యుండవచ్చును. ఏమియు తెఱవకయే, ఆ డిస్కులోని యొక అరను తన నెలవుగా జేసికొని యుండవచ్చును. ఆజ్ఞల నిచ్చు మన కిటికీయే యాయరలో నిలిచి యుండుట మిక్కిలి సామాన్యము. ఆ యర వెడలి వచ్చినంతనే చిక్కు తీరును. ఇవి గాక, ఆ డిస్కు క్రింద వేఱొక డిస్కు అంటుగట్టబడి యుండుట, అందు స్వాపు ఫైలుండుట, దానిని సర్వరు ఇతర కంప్యూటరులకు పంచుచుండుట కూడ గలవు.

పట్టుకొనిన ప్రక్రియను కనుగొనుటకు ఫ్యూజర్ అనియు, ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనియు రెండాజ్ఞలు గలవు. ఇవి ఆ ప్రక్రియ పేరును, సంఖ్యను చూపును. సర్వాధికారియగు రూట్ పేరిట అడుగవలెను. కానిచో ఇతరుల ప్రక్రియలు కనబడకపోవచ్చును. పైని జెప్పిన స్వాపు మొదలగునవి యీ పట్టికలో చేరకపోవచ్చును గనుక, పట్టిక శూన్యమైనప్పుడు వానిని వేఱుగా విచారింపవలెను.

కనుగొనిన పిదప సామమే మొదటి యుపాయము. ఆ ప్రోగ్రామును దాని పద్ధతినే ముగింపవలెను. అది ఎల్లప్పుడు నడచు సేవ యైనచో సేవనే నిలుపవలెను. ఒక్క ప్రక్రియను దీసివేసిన, పర్యవేక్షకుడు మఱియొకదానిని లేపవచ్చును. అప్పటికిని వినదేని కిల్ అను ఆజ్ఞ గలదు. పేరు క్రూరమైనను, అది సామాన్యముగా పంపు 15వ సంకేతము "ముగించుకొని రమ్ము" అను ప్రార్థనయే. 9వ సంకేతము దండోపాయము. దానిని ప్రక్రియ త్రోసిపుచ్చజాలదు, చేతిలోని పని సవరించుకొనుటకు వ్యవధియును ఉండదు. కావున అది చివరిది.

ఆ దండమునకును లొంగని దశ యొకటి గలదు. ప్రక్రియల పట్టికలో దానికి "డి" అను అక్షరము గుర్తు. ఆ ప్రక్రియ డిస్కును ఏదో యడిగి, బదులు వచ్చువఱకు మేలుకొనజాలని నిద్రలో నున్నది. 9వ సంకేతము పంపినను అది గుమ్మమున వేచి యుండును. రేవున పడవకై నిలిచినవానిని ఎంత గద్దించినను పడవ రాదు గదా! అట్టిచోట ప్రక్రియను గాక, అది యెదురుచూచుచున్న దానిని బాగుచేయవలెను. తీగ వదులైనదా, డిస్కు చెడుచున్నదా, దూరమున నున్న సర్వరు ఆగిపోయినదా యని చూడవలెను. ఆగిన సర్వరు మరల లేచినచో పెక్కుమాఱులు ఆ నిద్ర తనంత తానే వీడును. లినక్సు సామాన్యముగా 120 సెకండ్లకు మించిన యట్టి నిద్రను తన దినచర్యలో వ్రాయును. కారణము తఱచుగా అచ్చటనే దొరకును. డిస్కే చెడుచున్నదని తోచినచో, చదువదగినంతవఱకు ముందు ప్రతి తీసికొనవలెను. ఏదియు సాగనప్పుడు యంత్రమును ఆపి మరల నడుపుట గడపటి మార్గము.

ఒక మాట జాగ్రత్తగా వినవలెను. 2001లో వెలువడిన లినక్సు 2.4.11వ కూర్పునుండి "సోమరి అన్‌మౌంటు" అను సదుపాయము గలదు. దానివలన నామవృక్షమునుండి కొమ్మ తక్షణము మాయమగును. కాని పట్టుకొనిన ప్రక్రియల పట్టు విడలేదు, వ్రాతయు ముగిసియుండకపోవచ్చును. పేరు కనబడలేదు గదా యని డిస్కును ఊడదీయువాడు మనిషి యున్న పాతరకు మూత వేసినవాడే.

కావున యంత్రము కాదన్నప్పుడు కోపింపక, ఎవరు పట్టుకొనిరి, ఏల పట్టుకొనిరి యని యడుగుడు. ఎంత జాగ్రత్త యున్నను డిస్కు నశ్వరమే. మీ దస్తావేజులకు రెండవ ప్రతిని వేఱొకచోట నుంచుడు. ఇంటి పిల్లలు తొందరపడి తీగ లాగబోవునప్పుడు ఈ మాట చెప్పుటకు యంత్రవిద్య యక్కఱలేదు, పెద్దఱికము చాలును.