కత్తియా? కవచమా?



గత మాసమున ఒకనాటి మధ్యాహ్న విరామ సమయమున పదవ తరగతి విద్యార్థు లిరువురు వాదులాడుకొనుచు నా వద్దకు వచ్చిరి. వారి వాదము పాఠమును గూర్చినది కాదు. సెల్‌ఫోనులో వారాడు యుద్ధక్రీడను గూర్చినది. ఆ ఆటలో ఒక మజిలీ దాటినవానికి ఒక మణి బహుమానముగా లభించునట. కత్తి దెబ్బకు నూటికి 25 పాళ్లు బలము హెచ్చించు మణి యొకటి. శత్రువు దెబ్బను నూటికి 25 పాళ్లు తగ్గించు మణి మరియొకటి. రెంటిలో ఒకదానినే తీసికొనవలెను. దీనిని విద్యార్థులు ‘బోనసు’ అందురు.

“శత్రువు చచ్చినాక దెబ్బ యాడిది సార్? కత్తే మేలు” అని యొకడు. “ముందు మనం బతికుంటే కదా సార్ వాణ్ణి చంపేది?” అని రెండవవాడు.

నేను ఆ ఆట నెరుగను. అయినను వారిని నల్లబల్ల యొద్దకు తోడ్కొని పోయి, సుద్దముక్క చేతికిచ్చి, లెక్క వేయించితిని. ఆ అరగంటలో తేలిన విషయములు మీ యందరికిని, మీ తలిదండ్రులకును ఉపయోగపడునని తలచి ఇచట వ్రాయుచున్నాను.

మొదట కత్తి సంగతి చూతము. మన దెబ్బ బలము 20 అనియు, శత్రువు ప్రాణము 100 అనియు అనుకొందము. ఐదు దెబ్బలకు వాడు పడును. కత్తికి నూటికి 10 పాళ్లు బలము కూడినచో దెబ్బ 22 అగును. నాలుగు దెబ్బలకు 88 మాత్రమే. కావున ఐదవ దెబ్బ తప్పదు. అనగా ఈ శత్రువు విషయమున ఆ పది పాళ్ల బలము వలన ఒరిగిన దేమియు లేదు. అదే 25 పాళ్లు కూడినచో దెబ్బ 25 అగును. నాలుగు దెబ్బలు చాలును. ఇక ప్రాణము 1000 గల మహామృగము ఎదురైనచో, 20 చొప్పున 50 దెబ్బలు, 22 చొప్పున 46 దెబ్బలు పట్టును. చిన్న శత్రువునొద్ద వ్యర్థమైన పది పాళ్లే పెద్ద శత్రువునొద్ద నాలుగు దెబ్బలను మిగిల్చినవి. ‘ఎంత హెచ్చినది?’ అనుట చాలదు. ‘ఎన్ని దెబ్బలు తగ్గినవి?’ అని యడుగవలెను.

మరియొక విశేషము. ఒక్కొక్క మణి కత్తికి 5 చొప్పున బలము నిచ్చుచున్న దనుకొనుడు. 20 దెబ్బ 25 అగును, పిదప 30, పిదప 35. ఆ మహామృగమునకు పట్టు దెబ్బలు 50 నుండి 40కి, 34కి, 29కి దిగును. మొదటి మణి 10 దెబ్బలను తగ్గించినది. రెండవది 6, మూడవది 5 మాత్రమే తగ్గించినవి. మణి బలము మారలేదు. మనకు ముందే ఎక్కువ ఉండుటచే దాని విలువ తగ్గినది. ఆకలిగొన్నవానికి మొదటి ముద్ద రుచించినట్లు పదవ ముద్ద రుచింపదు గదా!

ఇపుడు కవచము సంగతి. మన ప్రాణము 100, శత్రువు దెబ్బ 20. కవచము లేనిచో ఐదవ దెబ్బకు పడుదుము. నూటికి 25 పాళ్లు తగ్గించినచో దెబ్బ 15 అగును. ఏడవ దెబ్బకు పడుదుము. 50 పాళ్లు తగ్గించినచో పదవ దెబ్బకు. 75 పాళ్లు తగ్గించినచో ఇరువదవ దెబ్బకు. ఇచట వింత చూచితిరా? ప్రతిమారును కూడినది 25 పాళ్లే. కాని మొదటిసారి 2 దెబ్బలు, రెండవసారి 3 దెబ్బలు, మూడవసారి 10 దెబ్బలు అదనముగా ఓర్చుకొంటిమి. కత్తి మణుల విలువ పోను పోను తగ్గగా, ఈ లెక్కను నడచు కవచము విలువ పోను పోను పెరిగినది.

2020 సెప్టెంబరులో మన దేశమున నిషేధింపబడిన ‘పబ్జీ’ ఆట మీలో పలువురికి తెలియును. అందలి కవచములు మూడు తరగతులవి. మొదటిది దెబ్బను నూటికి 30 పాళ్లు, రెండవది 40, మూడవది 55 పాళ్లు తగ్గించును. మన 20 దెబ్బతో లెక్కించినచో అవి క్రమముగా 8, 9, 12 దెబ్బలవరకు మనలను నిలుపును. మొదటినుండి రెండవదానికి మారినచో లాభము స్వల్పము. మూడవది దొరకుట గొప్ప లాభము. అది దొరకినపుడు ఆటగాండ్రు పొంగిపోవుటకు కారణ మిదియే.

అయితే అన్ని ఆటల కవచములును ఈ రీతివి కావు. కొన్ని ఆటలలో కవచము పాళ్ల చొప్పున కాక ప్రతి దెబ్బనుండి ఒక నిర్ణీతసంఖ్యను తీసివేయును. ఆ సంఖ్య 5 అనుకొందము. 10 చొప్పున కొట్టు చిన్న శత్రువు దెబ్బ 5కు దిగును. పది దెబ్బలకు పడవలసినవారము ఇరువది దెబ్బలవరకు నిలుతుము. కాని 60 చొప్పున కొట్టు రాక్షసుని దెబ్బ 55 అగును; కవచమున్నను లేకున్నను రెండవ దెబ్బకు పడుదుము. ఇట్టి కవచము చీమల దండుకు మేలు, ఏనుగునకు వ్యర్థము. కావున మణిమీద వ్రాసియున్న సంఖ్య నూటికి పాళ్లా, ఉత్త అంకెయా అని మొదట చదువుకొనవలెను. లెక్కల పరీక్షలో ప్రశ్నను సరిగా చదువని విద్యార్థి పాట్లే ఇచటను కలుగును.

ఇక మన విద్యార్థుల తగవు. ఇరుపక్షముల ప్రాణము 100, దెబ్బ 20, ఇరువురును ఒకేసారి కొట్టుకొందు రనుకొనుడు. మణి లేనిచో ఐదవ దెబ్బకు ఇద్దరును కూలుదురు. కత్తి మణి ధరించినచో నాలుగు దెబ్బలలో శత్రువు పడును; ఆలోపల మనకు 80 నష్టము; 20 మిగులును. కవచ మణి ధరించినచో ఐదు దెబ్బలు పట్టును, ఒక్కొక్కటి 15 చొప్పున 75 నష్టము, 25 మిగులును. ఇంచుమించు సమానమే! విద్యార్థు లిరువురును మొగమొగములు చూచుకొనిరి. శత్రువును త్వరగా పడగొట్టుట కూడ ఒక రక్షణయే. ఎక్కువసేపు నిలుచుట కూడ ఒక దాడియే.

“ఇద్దరు ఒక్కసారే మీదికి వస్తే సార్?” అని యొకడు ప్రశ్నించెను. లెక్కవేసి చూడగా కత్తి మణి కలవాడు మూడవ దెబ్బకు, కవచ మణి కలవాడు నాలుగవ దెబ్బకు కూలిరి. ఏ మణియు కాపాడలేదు. ఇట్టిచోట మూడవ ఉపాయ మొకటి కావలెను: శత్రువులు ఒకని వెనుక నొకడు వచ్చునట్లు ఇరుకుదారిన నిలుచుట, నడుమ గాయము మాన్పుకొనుట. దీనిని మన పూర్వులు చక్కగా నెరుగుదురు. బళ్లారి గుడ్డపై విజయనగర సామంతుడైన హనుమప్ప నాయకుని పేర ప్రసిద్ధమైన పై కోటను చూడుడు. బండల నడుమ మెలికలు తిరుగుచు పోవు దారినే పైకెక్కవలెను. వేలమంది దండెత్తి వచ్చినను ఆ దారిలో ముందు నిలువగలవారు కొలదిమందియే. రాతి నెరెలలో వర్షపునీరు నిలువచేసికొను దొరువులును అచట కలవు. గోడ దళసరితనముకన్న దారి ఇరుకుతనమే అచటి గొప్ప కవచము.

ఆ కోటను గూర్చియే మన ఊరి పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. హైదరాలీ ఒక ఫ్రెంచి ఇంజనీరుచే కోటను బాగుచేయించి, దిగువ కోటను కట్టించెను. పని ముగిసిన పిదప చూడగా ఎదుటనున్న కుంబార గుడ్డ మన గుడ్డకన్న ఎత్తుగా నుండెనట. అచట ఫిరంగి నిలిపినచో కోట లోపలికి గుండ్లు వేయవచ్చును. కోపించి ఆ ఇంజనీరును ఉరితీయించె నని జనశ్రుతి. కథలో నిజ మెంతయైనను నీతి మాత్రము గట్టిది. దెబ్బ ఎచటినుండి వచ్చునో చూడక కట్టిన కవచము ఎంత వెలగలదైనను కొఱగాదు. ఆటలో ఎదుటి మృగము నిప్పులు క్రక్కుచుండగా చలిని ఆపు కవచమును తొడిగికొనువాడు ఈ పొరపాటునే చేయుచున్నాడు.

దాడికిని ఇట్టి లోపమే కలదు, అది కాలము. ఒక కత్తి మూడు సెకండ్ల కొకమారు 60 చొప్పున, మరియొకటి సెకండు కొకమారు 25 చొప్పున కొట్టు ననుకొందము. మొదటిది గొప్పగా కనబడును. కాని మూడు సెకండ్లలో రెండవది 75 కొట్టును. మనకు పొరుగుననే యున్న రాయచూరు యొద్ద 1520లో శ్రీకృష్ణదేవరాయలకును ఇస్మాయిల్ ఆదిల్ షాకును జరిగిన యుద్ధమున ఈ కాలమే తీర్పు చెప్పినది. పోర్చుగీసువాడైన నూనిజ్ వ్రాసినదానినిబట్టి, ఆదిల్ షా తన ఫిరంగుల నన్నిటిని ఒక్కసారిగా ప్రేల్చించెను. రాయల ముందువరుస చెదరి వెనుదిరిగెను. కాని ఫిరంగులను మరల నింపుటకు వ్యవధి కావలెను గదా! రాయలు మిగిలిన సేనను పురికొల్పి ఆ వ్యవధిలోనే ఎదురుదాడి చేసి జయించెను. మొదటి దెబ్బకు నిలిచినవానికే రెండవ దెబ్బ కొట్టు అవకాశము. కేవలము నిలిచిన వానికిని జయము రాదు. నిలిచి, తిరిగి కొట్టినవానికే వచ్చును.

అట్లయినచో ఎన్నుకొనుట యెట్లు? జపాను దేశపు క్యాప్‌కామ్ సంస్థ 2004లో మొదట వెలువరించిన ‘మాన్‌స్టర్ హంటర్’ అను వేట ఆట నియమములు ఇందుకు మంచి దారి చూపును. అందు ఒక వేటలో సాధారణముగా మూడుమారులు పడిపోయినచో ఓటమి. వేటకు సాధారణముగా 50 నిమిషముల గడువు. ఆలోగా మృగము పడనిచో అదియు ఓటమియే. అనగా ఓటమికి రెండు వాకిండ్లు. పడిపోవుటచే ఓడువాడు కవచమును బలపరచుకొనవలెను. పడకున్నను గడువు చాలక ఓడువాడు కత్తికి పదును పెట్టుకొనవలెను. ‘ఏది గొప్పది?’ అనునది ప్రశ్న కాదు. ‘నేను ఏ వాకిట ఓడుచున్నాను?’ అనునదే ప్రశ్న.

ఈ ప్రశ్ననే మన విద్యార్థుల నడిగితిని. కత్తి మేలన్నవాడు కొంత యోచించి, తాను మజిలీ చివరనున్న రాక్షసుడు రెండు దెబ్బలు కొట్టగనే పడిపోవుచున్నా ననెను. దెబ్బ 60, కవచ మణితో 45 అగును, రెండు దెబ్బలకు నిలిచి మూడవదానికి పడును. ఆ ఒక్క దెబ్బ వ్యవధియే వానికి కావలసినది. కవచము మేలన్నవాడు తనకు ఎన్నడును ప్రాణము తక్కువ కాదనియు, గడువే చాలుట లేదనియు ఒప్పుకొనెను. తుదకు కత్తిని పొగడినవాడు కవచమును, కవచమును పొగడినవాడు కత్తిని తీసికొని నవ్వుకొనుచు పోయిరి. ఎవరికి ఏది ఇష్టమో దానినే వారు అంతవరకు పెంచుకొనుచు వచ్చిరి. ఎవరికి ఏది కొఱతయో అది ఎదుటివాని వాదములో నుండెను.

విద్యార్థులారా! పరీక్షలందును ఇదే న్యాయము. తెలుగులో తొంబది మార్కులు వచ్చువాడు మరి రెండు మార్కులకై పద్యములను వల్లెవేయుచు, కన్నడముననో గణితముననో అంచున నిలిచియుండుటను నేను ఏటేట చూచుచున్నాను. తెలుగు ఉపాధ్యాయుడనైన నేనే చెప్పుచున్నాను: ఇంటి భాష మన కత్తి; దానిని త్రుప్పు పట్టనీయకుడు. కాని మనము నివసించు నాటి భాషయు, కష్టమనిపించు గణితమును మన కవచములు. ఒక్క విషయమున పడిపోయినను తక్కిన వాని తొంబదులు మిమ్ము నిలుపలేవు.

తలిదండ్రులకు ఒక మనవి. ఆటకు వేళ నిర్ణయించుడు. డబ్బిచ్చి మణులు కొనుటకు అనుమతింపకుడు. కాని ఆడుచున్న బిడ్డను కసరుటకు ముందు ఒక్కమారు ప్రక్కన కూర్చుండి, “ఇది ఎందుకు తీసుకున్నావు? ఎన్ని దెబ్బలు తగ్గినాయి?” అని యడుగుడు. లెక్క చెప్పగలిగినచో ఆ బిడ్డ ఆటలోనుండియు కొంత నేర్చినట్లే. చెప్పలేనిచో ఒక కాగితమును పెన్సిలును అందింపుడు. అచట మొదలగునది చదువే.